ముద్దుస్వామి దీక్షితులు - నాదచికిత్స

సంగీతత్రయమున వయస్సుచే పిన్నవాడైన ముద్దుస్వామి దీక్షితులు 1775లో తిరువారూరున జన్మించెను. తండ్రి రామస్వామి దీక్షితులు హంసధ్వని రాగమునకు స్రష్ట. ఆ యింట పాట వినోదమాత్రము కాదు. ఆపదలో శరణ్యము కూడ. రెండవ కుమారుడు చిన్నస్వామికి చూపు మందగించినప్పుడు తండ్రి తిరుపతి వేంకటేశ్వరుని సన్నిధిని రాగమాలికను గానము చేసెననియు, చూపు మరలివచ్చెననియు ఆ వంశమున ప్రతీతి.

కొంతకాలము మణలిలో, పిదప చిదంబరనాథయోగి వెంట కాశిలో గడపి, తిరుత్తణిలో కృతిరచనకు మొదలిడి, దీక్షితులు తిరువారూరు చేరెను. కాశిలో విన్న ద్రుపదపు నిదానగతి ఆయన కృతులకు వచ్చినదని సంగీతజ్ఞుల యభిప్రాయము.

తిరువారూరున తంబియప్ప యను శిష్యుడుండెను. అతడు శుద్ధమద్దెల వాయించువాడు. అతనికి తీరని కడుపునొప్పి పట్టుకొనెను, మందులు పనిచేయలేదు. మద్దెల శరీరబలమును కోరు వాద్యము. కావున ఆ నొప్పి దేహబాధ యొక్కటే కాదు, వృత్తికే ముప్పు. కథ చెప్పువారు ఈ మాట తరచు విడిచిపెట్టుదురు. దీక్షితులు జ్యోతిషమున దిట్ట. జాతకము చూచి గురుగ్రహము ప్రతికూలముగ నున్నదని తలచెను. గ్రహశాంతికి మంత్రజపము చేయవలెను. నాటి ఆచారము ననుసరించి శిష్యునికి వైదికమంత్రములందు అధికారము లేదు. అప్పుడు గురువు చేసిన పని యేమి? బృహస్పతిపై అఠాణ రాగమున, త్రిపుట తాళమున ఒక కృతి రచించి, దానిని శిష్యునికి నేర్పి నిత్యము పాడుమనెను. మూసియున్న తలుపును పాటతో తెరచెనన్నమాట! కొంతకాలమునకు నొప్పి తగ్గెనని సంప్రదాయము చెప్పుచున్నది. సూర్యుడు మొదలు శని వరకు ఏడు వారములకు ఏడు కృతులు, సూళాది సప్తతాళములలో ఆయన రచించినవి నిలిచియున్నవి. రాహుకేతువులపై కృతులు ఆయనవి కావని వాదించువారు కలరు.

ఇది గ్రహబలమా, నాదబలమా? గ్రహముల మాట యటుంచుదము. విలంబకాలమున దీర్ఘశ్వాసతో ప్రతిదినము పాడువానికి ఊపిరి నెమ్మదించును, భయము సడలును. భయము సడలినచో నొప్పియు కొంత తేలికపడునని నేటి వైద్యులంగీకరింతురు. శస్త్రచికిత్సకు ముందు రోగులకు సంగీతము వినిపించు ఆసుపత్రులు నేడు కలవు. కాని గానము వలన పుండు మానునని యెవరును నిరూపింపలేదు. తంబియప్ప సైతము మొదట మందులనే యాశ్రయించెను గదా!

దీక్షితులు తుదకు తమ్ముడు బాలుస్వామి యున్న ఎట్టయపురము చేరి, 1835లో దీపావళినాడు అచ్చటనే తనువు చాలించెను. బాలుస్వామి దౌహిత్రుడు సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీతసంప్రదాయప్రదర్శినిని తెలుగు లిపిలో స్వరసహితముగ వెలువరించెను. గురువారమునాడు ఆ అఠాణ కృతిని పాడు ఆచారము ఇప్పటికిని కలదు.