నేల ఋణము: ఆల్బర్టు హోవర్డు జీవితము

అచ్యుతాపురము మొదలు అనకాపల్లి వఱకు గల పల్లెలలో చెఱకు నఱికిన పిమ్మట ఎండుటాకును పొలముననే తగులబెట్టుట నేటికిని కాననగును. గడియలో బూడిదయగు ఆ యాకు మూడు నెలలలో గత్తము కాగలదని ప్రపంచమునకు నిరూపించినవాడు సర్ ఆల్బర్టు హోవర్డు. ఆయన ఆంగ్లేయుడు, కాని యా విద్యను ఆంగ్లదేశమునుండి తేలేదు, మన గడ్డపై మన రైతు కడనే నేర్చెను.

హోవర్డు 1873 డిసెంబరు 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైరులో వ్యవసాయ కుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, వెస్టిండీసు దీవులలో పైరుల తెగుళ్లను పరిశోధించెను. తెగులునకు మందు చెప్పవలసిన తనకు స్వయముగా సాగుచేసి చూచుటకు పొలము లేదను కొఱత ఆయనను అచ్చటనే బాధించెను. 1905లో బీహారులోని పూసాకు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చిన పిదప ఆ కొఱత తీరెను. చుట్టుపట్ల రైతులు విషపు మందులు చల్లకయే చీడలేని పైరులు పండించుట చూచి, వారినే గురువులుగా స్వీకరించెను. పాలకజాతికి చెందిన అధికారి పాలితులకు శిష్యుడగుట ఆ దినములలో సామాన్యము కాదు. భార్య గేబ్రియెల్ కూడ శాస్త్రజ్ఞురాలు. పేరొందిన పూసా గోధుమలు ఆ దంపతుల యుమ్మడి కృషిఫలము.

1924లో ఇండోరున స్థాపింపబడిన పరిశోధన సంస్థలో ఆయన కంపోస్టు పద్ధతి రూపొందినది. యశ్వంత్ వాడ్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు అందు ఆయనకు కుడిభుజము. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంటలో ఆకుఅలములు, పేడ, పశువుల మూత్రమున తడిసిన మన్ను, కట్టెబూడిద పొరలుగా పఱతురు. పది పదునైదు దినముల క్రిందట నింపిన గుంటనుండి కొంత తెచ్చి కలుపుదురు. పాలకు తోడు పెట్టుట వంటిదే యిది. మొదట బూజుజాతి శిలీంధ్రములును, పిదప బాక్టీరియాలును ఆకునారను ఆరగించును. అప్పుడు పుట్టు వేడికి కలుపు విత్తులు నశించును. ఆ సూక్ష్మజీవులకు తేమయు గాలియు తప్పక కావలెను. అందులకై నీరు చల్లుచు మూడు పర్యాయములు తిరగవేసినచో మూడు నెలలకు నల్లని పొడిగత్తము సిద్ధమగును.

1930లో గేబ్రియెల్ మరణించెను. మరుసటి యేట హోవర్డు ఉద్యోగము విరమించి స్వదేశమునకు వెడలెను. వాడ్‌తో కలిసి వ్రాసిన గ్రంథము ఆ యేటనే వెలువడినది. 1935లో గాంధీజీ ఇండోరునకు వెళ్లి యీ పద్ధతిని స్వయముగా చూచెను. రసాయనిక ఎరువులను హోవర్డు కడవఱకు నిరసించుటను శాస్త్రజ్ఞులు పలువురు అంగీకరింపలేదు. ఆ వాదమందు ఆయన పట్టుదల కొంత హద్దు మీఱినదనియు చెప్పవచ్చును. కాని నేలనుండి తీసినదానిని నేలకు మఱల ఇయ్యవలెనను ఆయన మూలసూత్రమును కాదన్నవారు లేరు. మనకు స్వాతంత్ర్యము వచ్చిన రెండు నెలలకు, 1947 అక్టోబరు 20న, ఆయన కన్నుమూసెను.

కీర్తి యంతయు హోవర్డు పేరిటనే నిలిచినది. గేబ్రియెల్‌ను, వాడ్‌ను తలచువారు కొలది; పేరులేని ఆ రైతులను తలచువారు లేనే లేరు. ఈ యన్యాయమును సరిదిద్దుటకు శిలావిగ్రహములు అక్కఱలేదు. ఆ రైతుల విద్యను వారి వారసులు విడువకుండుటయే చాలును. నేడు సూక్ష్మజీవులను సీసాలలోను పొట్లములలోను అమ్ముచున్నారు. అవి పనిని త్వరపఱచునేమో కాని, తేమయు గాలియు లేని కుప్పలో ఏ సీసాయు ఫలింపదు. అచ్యుతాపురమున కర్మాగారములు లేచినచోట ఇక పైరు మొలవదు. అందుచేతనే మిగిలిన పొలము మఱింత విలువైనది. దాని యాకును దానికే అప్పగింపుడు. ఈ యేట చెఱకు నఱికిన పిమ్మట అగ్గిపుల్ల గీయుటకు ముందు ఒక్క గుంట త్రవ్వి చూడుడు.