కప్పునకు పేరైన క్రీడాకారుడు: సర్ జార్జి థామస్

విద్యార్థులారా! బ్యాడ్మింటన్ ఆట నెరుగనివారు మీలో నుండరు. రెండు గుంజలు పాతి, నడుమ వల కట్టి, ఈకల బంతిని ఎగురగొట్టుచు సాయంకాలములు గడుపు బాలబాలికలను మేము నిత్యము చూచుచున్నాము. ఆ యాటలో దేశములు జట్లుగా నేర్పడి తలపడు గొప్ప పోటీకి థామస్ కప్పు పోటీ యని పేరు. ఆ పేరు విన్నవారు పెక్కుమంది కలరు. ఆ థామస్ ఎవరో యెరిగినవారు కొలదిమందియే. అందుచే ఆయన జీవితమును సంగ్రహముగా తెలుపబూనితిమి.

సర్ జార్జి ఆలన్ థామస్ 1881వ సంవత్సరము జూన్ 14వ తేదీన జన్మించెను. ఆంగ్లేయుడే యైనను ఆయన పుట్టినది ఇంగ్లండున కాదు. నేడు ఇస్తాంబుల్ అని పిలువబడు కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు చేరువను, బాస్ఫరస్ జలసంధి యొడ్డున. ఆ కుటుంబమునకు తరతరములుగా బారొనెట్ అను బిరుదము కలదు. తల్లి ఎడిత్ థామస్ చదరంగమున ఆరితేరినది. 1895లో ఇంగ్లండునందలి హేస్టింగ్స్ పట్టణమున స్త్రీలకై జరిగిన చదరంగపు పోటీలో ఆమె ప్రథమస్థానము పొందెను. స్త్రీలు నలుగురి యెదుట కూర్చుండి పందెములాడుట అరుదైన ఆ కాలమున ఇది సామాన్య విషయము కాదు. తల్లి ప్రజ్ఞ కుమారునకు సంక్రమించెను. చదరంగము, టెన్నిసు, బ్యాడ్మింటన్ ఈ మూడింటను ఆయన ప్రసిద్ధి కెక్కెను. 1911లో వింబుల్డన్ టెన్నిసు పోటీలో సింగిల్సున క్వార్టర్ ఫైనలు వరకు చేరెను.

అయినను ఆయన పేరును శాశ్వతముగా నిలిపినది బ్యాడ్మింటన్. ఈ ఆటకు మన దేశముతో పాత చుట్టరికము కలదు. 19వ శతాబ్దమున పూనాలోని ఆంగ్ల సైనికాధికారులు దీని నాడుచుండుటచే దీనికి పూనా యనియే పేరుండెను. పిమ్మట ఇంగ్లండు చేరి, బ్యాడ్మింటన్ హౌస్ అను ప్రభుభవనము పేరు తాల్చి, అచ్చట నియమములు కుదిరి వర్ధిల్లెను. 1899లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు ఆరంభమయ్యెను. ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలు 1977 వరకు లేకుండుటచే, అంతవరకు ఆల్ ఇంగ్లండున గెలిచినవానినే లోకము మేటిగా నెంచుచుండెను.

అందు థామస్ 1903లో మిక్సెడ్ డబుల్సున తొలి విజయము పొందెను. కడపటి విజయము 1928లో. ఈ నడుమ ఆయన గెలిచిన బిరుదములు మొత్తము 21. పురుషుల డబుల్సున 9, మిక్సెడ్ డబుల్సున 8, సింగిల్సున 4.

ఈ లెక్కలో ఒక విశేషము గమనింపదగియున్నది. తోడులేక ఒంటరిగా నాడు సింగిల్సు బిరుదము ఆయనకు 1920 వరకు దక్కలేదు. తొలి విజయమునకును దీనికిని నడుమ 17 సంవత్సరములు గడచెను. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చిపడెను. 1915 మొదలు 1919 వరకు పోటీలే జరుగలేదు. థామస్ సైన్యమున చేరి మెసపొటేమియాలో పనిచేసెను. పోటీలు మరల మొదలగునప్పటికి ఆయనకు 38 ఏండ్లు నిండినవి. పెక్కురు ఆటగాండ్రు బ్యాటును మూలపెట్టు వయస్సది. ఆయన మాత్రము ఆ యేటనే సింగిల్సు గెలిచి, 1923 వరకు వరుసగా నాలుగేండ్లు దానిని విడువక నిలుపుకొనెను. అదే 1923లో బ్రిటిష్ చదరంగ చాంపియన్ కూడ నయ్యెను. కాలిబలము కోరు ఆటలోను, బుద్ధిబలము కోరు ఆటలోను ఒకే యేట మేటి యగుట ఎంత అరుదో మీరే యోచింపుడు.

చదరంగమున ఆయన గెలుపులు గొప్పవి. 1934లో రెండవసారి బ్రిటిష్ చాంపియన్ అయ్యెను. ఆ సంవత్సరాంతమున హేస్టింగ్స్‌లో మొదలైన పోటీలో ప్రపంచ విజేతగా నుండిన కాపబ్లాంకాను, తరువాత ప్రపంచ విజేత కాబోవు బొత్విన్నిక్‌ను ఓడించి, మరి యిద్దరితో కలసి ప్రథమస్థానమున నిలిచెను. అప్పటికి ఆయన వయస్సు 53.

అయినను చదరంగ గ్రంథములు ఆయనను తలచుచుండుట ఒక ఓటమి వలన. 1912లో లండనున ఎడ్వర్డ్ లాస్కర్ అను యువకుడు ఆయనతో ఆడుచు, తన మంత్రినే బలియిచ్చి, థామస్ రాజును కోటనుండి వెలికిలాగి, పలక ఆవలి యంచువరకు తరిమి, 18వ ఎత్తున ఆటకట్టించెను. అంతటి పరాభవమున థామస్ ముఖము చిట్లింపలేదు, సాకులు వెదుకలేదు. ఆ యాట సొగసును మెచ్చి ప్రత్యర్థి నభినందించెను. గెలిచిన లాస్కర్ ఆ మర్యాదకు ముగ్ధుడై దానిని తన గ్రంథమున కొనియాడెను. గెలుపు ఒకనిదే కావచ్చును, ఆట ఇద్దరిదియు నని ఎరిగినవాని లక్షణమిది.

ఈ గుణమే ఆయనచే పెద్ద పని చేయించెను. 1934లో తొమ్మిది దేశముల సంఘములు కూడి అంతర్జాతీయ బ్యాడ్మింటన్ సమాఖ్యను స్థాపింపగా, థామస్ దానికి మొదటి అధ్యక్షుడై 1955 వరకు 21 ఏండ్లు ఆ భారము వహించెను. టెన్నిసునకు డేవిస్ కప్పు ఉన్నట్లు బ్యాడ్మింటనునకును దేశముల జట్లు పోటీపడు పందెము ఒకటి ఉండవలెనని తలచి, 1939లో కప్పును బహూకరించెను. దాని ఎత్తు 28 అంగుళములు. మూతపై ఒక ఆటగాని ప్రతిమ కలదు. ఒక్క ప్రతిభావంతుడున్న చాలదు, జట్టంతయు శ్రమింపవలెను. తొలినాళ్ళలో ఒక్కొక్క పోరాటమున అయిదు సింగిల్సు, నాలుగు డబుల్సు కలిపి తొమ్మిది ఆటలు జరుగుచుండెను.

కప్పు సిద్ధమైనను ఆట సాగలేదు. రెండవ ప్రపంచ యుద్ధముచే తలపెట్టిన పోటీ ఆగిపోయెను. తుదకు 1948-49లో పది దేశములతో మొదటి పోటీ నడచెను. 1949లో ఇంగ్లండునందలి ప్రెస్టన్ పట్టణమున డెన్మార్కును 8-1 తేడాతో ఓడించి కప్పును గెలిచినది మలయా. నాటికి మలయా ఇంకను ఆంగ్లేయుల పాలనలోనే యుండెను. 1957లో గాని దానికి స్వాతంత్ర్యము రాలేదు. పాలితులు పాలకుల గడ్డకు పోయి, పాలకులలో నొకడిచ్చిన కప్పును అందుకొని పోయిరి. వలకు ఇరువైపుల నిలిచినపుడు ఏలువాడు, ఏలబడువాడు అను భేదము లేదు. 1952లోను, 1955లోను సైతము మలయాయే గెలిచెను.

ఇంగ్లండు సంగతి యేమి? 2022 వరకు చూచినను ఆ దేశము ఈ కప్పును ఒక్కమారైనను గెలువలేదు. తన దేశమునకు దక్కని బహుమానమును లోకమునకిచ్చిన థామస్ 1972 జూలై 23వ తేదీన 91 ఏండ్ల వయస్సున లండనులో మరణించెను. ఆయన వివాహమాడలేదు. వారసులు లేకుండుటచే వంశపు బారొనెట్ బిరుదము ఆయనతోనే అంతరించెను. పుట్టుకచే వచ్చిన బిరుదము ముగిసెను. తాను చేజేతుల ఇచ్చిన కప్పు మాత్రము ఆయన పేరును నేటికిని దేశదేశముల మోయుచున్నది.

ఈ కథలో మనకును పాలు కలదు. థామస్ నాలుగుమార్లు గెలిచిన ఆల్ ఇంగ్లండ్ సింగిల్సును 1980లో కర్ణాటకకు చెందిన ప్రకాశ్ పదుకొనె, 2001లో మన తెలుగువాడైన పుల్లెల గోపీచంద్ గెలిచిరి. 2022 మే 15న బాంకాకులో, అప్పటికి 14 మార్లు కప్పు గెలిచిన ఇండొనీషియాను భారతజట్టు 3-0తో ఓడించి థామస్ కప్పును తొలిసారిగా సాధించెను. అప్పటికి పోటీ నియమములు మారి, అయిదు ఆటలలో మూడు గెలిచిన చాలును. మొదటి ఆట లక్ష్య సేన్ గెలిచెను. రెండవ ఆటలో అమలాపురపు సాత్విక్ సాయిరాజ్, ముంబయి వాడైన చిరాగ్ శెట్టి జంటగా గెలిచిరి. గుంటూరు వాడైన కిదాంబి శ్రీకాంత్ మూడవ ఆట గెలిచి కప్పును ఖాయము చేసెను. వేర్వేరు చోట్ల పెరిగిన యువకులు వలకు ఒకే ప్రక్క నిలిచి సాధించిన ఫలమిది.

విద్యార్థులారా! తలిదండ్రులారా! తెలుగునాటికి వెలుపల నివసించుచు తెలుగున చదువుకొను మనకు ఈ జీవితమున నేర్వదగినది కలదు. థామస్ తన దేశమునకు దూరమున పుట్టెను. ఆయన ఆట పూనాలో ఆడబడి, ఇంగ్లండున పెరిగి, మలయాలో మెరసెను. ఆటయైనను, భాషయైనను పుట్టినచోటనే వర్ధిల్లవలెనను నియమము లేదు. ఎచ్చట శ్రద్ధతో సాధన చేయుదురో అచ్చటనే అది నిలుచును. 17 ఏండ్లు వేచి గెలిచినవాని ఓర్పును, ఓడినపుడు ఎదుటివానిని మెచ్చినవాని మర్యాదను మీరును అలవరచుకొనవలెనని మా ఆకాంక్ష.