ఒక రేఖ, రెండు కోణములు: విలియం లాంబ్టన్ జీవితము

బిందువునకు పరిమాణము లేదు. రేఖకు పొడవే గాని వెడల్పు లేదు. తలమునకు పొడవు వెడల్పులున్నవి గాని మందము లేదు. ఈ పాఠము చెప్పినప్పుడెల్లా, కంటికి కనబడని వీటితో ప్రయోజనమేమిటని ఎవరో ఒక విద్యార్థి తప్పక ప్రశ్నిస్తాడు. ఆ ప్రశ్నకు సమాధానముగా, ఈ చెన్నపట్నంతో ముడిపడిన ఒక గణితజ్ఞుని జీవితమును స్మరించుకొందము.

విలియం లాంబ్టన్ 18వ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో సామాన్య కుటుంబంలో జన్మించారు. సైన్యంలో చేరి, అమెరికా యుద్ధానంతరము అనేక సంవత్సరములు కెనడా ప్రాంతంలో గడుపుతూ గణితాధ్యయనము కొనసాగించారు. భారతదేశమునకు వచ్చి 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో పాల్గొన్నారు. అటుపిమ్మట దక్షిణ ద్వీపకల్పమును త్రిభుజములతో కొలవాలనే ప్రతిపాదనను ప్రభుత్వము ముందుంచారు.

ఆ పద్ధతికి మూలము మన పిల్లలు చదివే జ్యామితియే. త్రిభుజంలో ఒక భుజము, దాని రెండు చివరల కోణములు తెలిసినచో మిగిలిన భుజములను లెక్కించవచ్చును. అట్లు లభించిన భుజమే తరువాతి త్రిభుజమునకు ఆధారమగును. కనుక మొదటి రేఖలో దోషముంటే అది త్రిభుజము నుండి త్రిభుజమునకు సంక్రమించును.

అందుకే 1802 ఏప్రిల్‌లో సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో ఏడున్నర మైళ్ల ఆధారరేఖను అత్యంత శ్రద్ధతో కొలిచారు. నూరడుగుల ఉక్కు గొలుసును సుమారు 400 మార్లు పరచవలసి వచ్చింది. ఎండకు ఉక్కు సాగును గనుక ఉష్ణోగ్రతను కూడ గమనించి లెక్క సవరించారు. భూమి సమతలము కాదు. కావున దానిపై గీసిన త్రిభుజపు కోణముల మొత్తము 180 డిగ్రీలకు కొంచెము మించును. ఆ స్వల్ప భేదమును కూడ ఆయన విడువలేదు. మద్రాసు నుండి మంగుళూరు వరకు కొలవగా, ద్వీపకల్పపు వెడల్పు పాత పటములు చూపిన దానికన్న సుమారు 40 మైళ్లు తక్కువని తేలింది.

1808లో పెద్ద పరీక్ష ఎదురైంది. కోణములు కొలిచే అర టన్ను బరువు గల థియోడలైట్‌ను తంజావూరు బృహదీశ్వరాలయముపైకి ఎత్తుచుండగా తాడు తెగి, అది గోడకు కొట్టుకొన్నది. కోణముల గుర్తులున్న ఇత్తడి చక్రము వంకరపోయింది. ఇతరులైతే పని విరమించెడివారు. లాంబ్టన్ ఎవరినీ నిందించక, పనివారితో గుడారంలో కూర్చుండి, సుమారు ఆరు వారములు శ్రమించి చక్రమును యథాస్థితికి తెచ్చారు. సర్వే మరల సాగింది.

ఈ సర్వే కంపెనీ పాలనకు బలము చేకూర్చినదన్నది నిజము. కొండలెక్కి జెండాలు పట్టి, అడవి జ్వరములకు గురియైన మన దేశపు శ్రామికులలో అధికుల పేర్లు చరిత్రకెక్కలేదన్నదీ నిజమే. ఆ ఋణమును మనము మరువరాదు.

హైదరాబాదు నుండి నాగపూరునకు పయనిస్తూ, 1823 జనవరిలో, నేటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు సుమారు డెబ్బది. ఆయన ఆరంభించిన రేఖను జార్జి ఎవరెస్టు హిమాలయ పాదముల వరకు కొనిపోయారు.

విద్యార్థులారా! నల్లబల్లపై మీరు గీసే మొదటి రేఖను సరిగా గీయండి. తప్పు దొర్లినచో సిగ్గుపడక, వెనుకకు మరలి సరిదిద్దుకొనండి. లాంబ్టన్ జీవితము మనకు నేర్పే పాఠమిదియే.