పరిగె చిత్రకారుడు మిలే

రాజులను, దేవతలను, వీరులను చిత్రించి కీర్తి గాంచినవారు లోకమున ననేకులు గలరు. పరిగె యేరుకొను పేదరాండ్రకు అట్టి గౌరవమునే యొసగిన జాన్ ఫ్రాన్సువా మిలే జీవితమును చదువరులకు సంగ్రహముగా నివేదించుచున్నాము.

మిలే 1814వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన ఫ్రాన్సు దేశమున, నార్మండీ సీమయందలి గ్రూషీ యను కుగ్రామమున, కర్షక కుటుంబమునందు జన్మించెను. బాల్యమునుండియు తండ్రితో గూడి దున్నుట, విత్తుట, కోయుట, నూర్చుట మున్నగు పనులు చేసెను. కావున సేద్యపు శ్రమ యాతడు కంట జూచినది మాత్రమే గాక ఒంట నెఱిగినదియు నయ్యెను. షెర్బూర్ పట్టణమున చిత్రలేఖనము నభ్యసించి, ఆ పట్టణమువా రొసగిన వేతనముతో 1837లో పారిస్ చేరి, దెలారోష్ అను చిత్రకారునికి శిష్యుడయ్యెను. కొంతకాలము రూపచిత్రములు వ్రాసి పొట్ట పోసికొనెను. 1849లో కుటుంబముతో బార్బిజోన్ గ్రామమునకు తరలి, మరణపర్యంతము అదియే నివాసముగా జేసికొనెను.

1857లో ప్రదర్శింపబడిన పరిగె చిత్రము ఆయన కృతులలో మిగుల ప్రసిద్ధము. ముందు భాగమున మువ్వురు స్త్రీలు కోసిన చేనిలో రాలిన వెన్నుల నేరుచుందురు. ఇద్దరు నేలకు వంగియుందురు. మూడవ యామె నడుము సగము మాత్రమే యెత్తియుండును. దూరమున ఎత్తైన కుప్పలు, నిండు బండి, గుఱ్ఱముపై పెత్తనదారుడు కానవత్తురు. కుప్పలు చిన్నవై, ఆ స్త్రీలు పెద్దవారై కనబడుటయే యీ చిత్రమందలి విశేషము. కోత ముగిసిన చేల పరిగె పేదలకు విడుచుట మన పల్లెలయందును ఉండిన యాచారమే గదా! అయినను 1848 నాటి విప్లవమును మఱువని విమర్శకులు కొందఱు ఆ పేదల రూపములను గాంచి కలవరపడి దూషించిరి.

మిలే చిరకాలము ఋణబాధల ననుభవించెను. 1868లో ప్రభుత్వ బిరుదము లభించినను, 1875 జనవరి 20వ తేదీన పరమపదించునప్పటికి సంపన్నుడు గాడు. ఆయన స్వల్పధనమునకు విక్రయించిన సాయంప్రార్థన చిత్రము 1889లో వేలమున 5,53,000 ఫ్రాంకులు పలికెను. అందు కుటుంబమునకు దక్కిన దేమియు లేదు. చేను దున్నిన దొకరు, కుప్ప వేసికొనిన దొకరు! చిత్రము మఱల విక్రయమైనపుడు రచయితకును, వారసులకును భాగ మిప్పించు శాసనము ఫ్రాన్సులో 1920లో వెలసెను.

పరిగె చిత్ర మిప్పుడు పారిస్ నగరమందలి ఓర్సే ప్రదర్శనశాల నలంకరించుచున్నది. దానిని గాంచినవారు కుప్పల లెక్క నడుగరు. వంగిన నడుముల జూచి మౌనము వహింతురు. అన్నము దినువారెల్లరును ఆ నడుములను తలంచుకొందురు గాక యని కోరుచున్నాము.