క్రోకసు పూవుల బోల్సుగారు

కుంకుమపూవు పేరు వినని యిల్లు మన దేశమున నరుదు. పాయసములోను పాలలోను రెండు పోగులు వేయుదుమే గాని, అది యెట్టి మొక్కనుండి వచ్చునో విచారించువారు కొందఱే. కాశ్మీరమున పాంపూరు పొలములలో, వానలు వెనుకబట్టి చలి ప్రవేశించు దినములందు, నేలనుండి నేరుగా ఊదారంగు పూవు లేచును. దాని నడుమనుండు మూడు ఎఱ్ఱని పోగులే కుంకుమపూవు. ఒక గ్రాము సరకునకు ఇంచుమించు 150 పూవులు కోయవలెను. ఈ మొక్క క్రోకసు అను వర్గములోనిది. ఆ వర్గమున నూటికి మించిన జాతులు కలవు. కొన్ని వసంతమున పూయును. మఱి కొన్ని, తక్కిన తోట యంతయు వాడి రాలుచుండు శరత్కాలమున పూయును. ఈ చిన్న పూవులను సేకరించి, పెంచి, చిత్రించి, వానిని గూర్చి వ్రాసి, క్రోకసు రాజని తన దేశపు తోటవారిచే పిలువబడిన ఎడ్వర్డు అగస్టసు బోల్సుగారి చరిత్రమును మా చదువరులకు తెలుపగోరుచున్నాము.

బోల్సుగారు 1865 వ సంవత్సరము మే నెల 14 వ తేదీని, లండను నగరమునకు ఉత్తరముననున్న ఎన్‌ఫీల్డు ప్రాంతములో మిడిల్టను హౌసు అను భవనమున జన్మించిరి. లండను ప్రజలకు మంచినీరు చేర్చుటకై 1613 లో త్రవ్వి ముగించిన న్యూ రివరు అను కాలువ ఆ కాలమున వారి తోట మధ్యనుండి పాఱుచుండెను. తండ్రి ఆ కాలువ కంపెనీ పెద్దలలో నొకరు. ధనమునకు కొదువ లేదు. అయితే బాలునకు ఎనిమిదవ యేట కుడికన్ను చూపు పోయెను. ఊపిరి సలుపని వ్యాధియు తోడయ్యెను. తోడి బాలురవలె పాఠశాలకు పోలేక ఇంటియందే చదువుకొనెను. పిమ్మట కేంబ్రిడ్జిలోని జీససు కళాశాలలో చేరి వేదాంతశాస్త్రమును చదివెను. గురువుగా అభిషేకము పొందవలెనని ఆయన కోరిక.

1887 వ సంవత్సరమున ఆ కోరికకు విఘ్నము కలిగెను. క్షయరోగముచేత ఒక సోదరుడును ఒక సోదరియు కొద్ది నెలల యెడముతో చనిపోయిరి. వృద్ధులగుచున్న తలిదండ్రులను విడిచి పోజాలక, బోల్సుగారు గురుత్వమును మానుకొని యింటనే నిలిచిరి. ఇరువదిరెండేండ్ల యువకుడు తాను ఏర్పరచుకొన్న మార్గమును విడుచుట ఎంత కష్టమో తలిదండ్రులైన మా చదువరులు ఊహింపగలరు. ఆయన వివాహమాడలేదు. గ్రామ దేవాలయమున వాక్యము చదువుచు, ఆదివారపు బడిలో బోధించుచు, పనిపాటలు చేసుకొను బాలురకై రాత్రిబడి నడుపుచు ఉండిరి. ఆ బాలురకు తోట తలుపు ఎల్లప్పుడు తెరచియే యుండెడిది. వారు వచ్చి కొలనులోని నాచు తీయుదురు, ఆడుకొందురు. వారిని ఊరివారు బోల్సుగారి పిల్లలని పిలిచెడివారు.

మిగిలిన కాలమంతయు తోటకే. ఆయనకు ఈ విద్యలో దారి చూపినవారు బిట్టను గ్రామపు సంఘకాపరియగు ఎలకోంబుగారు. వీరు వయస్సున నలువది యేండ్లకు పైగా పెద్దలు. మొక్కలను ఇచ్చిపుచ్చుకొనుట, పూవును కంటితో గాక ఓపికతో చూచుట, ఈ రెండును బోల్సుగారికి అచ్చటనే అలవడెనని మాకు తోచుచున్నది.

మిడిల్టను హౌసు నేల తోటకు మంచిది కాదు. గులకఱాళ్ల నేల, వానయు తక్కువ, వేసవిలో త్వరగా ఎండిపోవును. గులాబీలు పెంచువాడైనచో విసిగి పోయియుండును. క్రోకసునకు మాత్రము అదియే మేలయ్యెను. ఏలయన, ఈ మొక్కలు మధ్యధరా సముద్రపు తీరములందును, టర్కీ, కాకససు, ఇరాను కొండలందును పుట్టినవి. అచ్చట వేసవిలో వాన యుండదు. మొక్క ఆకులను వదలుకొని, నేలలో చిన్న దుంపగా నిదురించును. ఆ నిదురలో తడి తగిలిన కుళ్లిపోవును. శరత్కాలపు తొలకరి తగులగనే మేల్కొని, కొన్ని జాతులు ఆకైనను రాకముందే పూయును. కాకససు, టర్కీ ప్రాంతపు స్పెసియోససు అను జాతి ఇట్టిదే. నీలపు పూవు సెప్టెంబరు అక్టోబరులలో వచ్చును, ఆకులు వెనుకనెప్పుడో వచ్చును. పిరెనీసు పర్వతముల న్యూడిఫ్లోరసును అట్లే. దక్షిణ ఇటలీ నుండి వచ్చిన లాంగిఫ్లోరసు మంచి వాసన గలది. గ్రీసు దేశపు లెవిగేటసు చలికాలము నడుమ వఱకు పూయుచునే యుండును.

ఈ పూవు కట్టడమున ఒక వింత కలదు. మనము కాడ యనుకొనునది కాడ కాదు. పూవుయొక్క పొడవైన గొట్టమే. విత్తులు పుట్టు అండాశయము నేల లోపలనే దాగియుండును. పుప్పొడి ఆ గొట్టము వెంబడి క్రిందికి దిగి విత్తును కలిగించును. శీతకాలమంతయు కాయ మంచుకు దొరకక మట్టిలో పడియుండి, వేసవికి ముందు మెల్లగా పైకి వచ్చి పగులును. కనుక శరత్కాలమున చూచిన పూవుకు విత్తు కావలెనన్నచో ఆరేడు నెలలు కనిపెట్టుకొని యుండవలెను. విత్తిన తరువాత పూవు చూచుటకు మఱి మూడు నాలుగేండ్లు పట్టును. బోల్సుగారు అద్దపు మూతలుగల పెట్టెమళ్లలో జాతికొక గదిగా దుంపలను నాటి, పేర్లు వ్రాసి, ఏటేట విత్తులు చల్లుచు వచ్చిరి. ఎలుకలకు ఈ దుంపలనిన మిక్కిలి ప్రీతి. వానితోడి యుద్ధము క్రోకసు పెంచువారికెవ్వరికిని తప్పదు. వింతయేమనగా, ఇన్ని జాతులలో పేరెన్నిక గన్న కుంకుమపూవు ఒక్కటే విత్తు పెట్టదు. మనుష్యుడు దుంపలను విడదీసి నాటుటచేతనే అది వేలకొలది యేండ్లుగా బ్రతుకుచున్నది.

జాతిని గుర్తించుటకు పూవు రంగు చాలదు. దుంపను కప్పియుండు పొర వలవలె అల్లియున్నదా, ఉంగరములవలె విడిపోవునా, పీచుగా నున్నదా యని చూడవలెను. ఈ సూక్ష్మములను ఒంటి కంటితో, చేతి భూతద్దముతో పరీక్షించి, నీటిరంగులతో చిత్రించినవారు బోల్సుగారు. ఆ చిత్రములు లండనులోని లిండ్లీ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. వృక్షశాస్త్రమున ఆయనకు పట్టము లేదు. ధనమును తీరికయు, పని చేయుటకు తోటమాలులును ఉండుటచేతనే ఇంత సాధ్యమయ్యెనని చెప్పక దాచుట న్యాయము కాదు. కాని అట్టి సదుపాయములుగల పెద్దమనుష్యులు ఆ దేశమున పెక్కురుండిరి. దుంప పొరలను లెక్కించినవారు మాత్రము మిక్కిలి తక్కువ.

శరత్కాలమున పూయు మఱియొక మొక్కను ఇంగ్లీషువారు క్రోకసని పొరబడి పిలుతురు. అది కాల్చికము. క్రోకసు పూవున కేసరములు మూడు, కాల్చికమున ఆఱు. రెండవది విషము, గౌటు అను కీళ్ల జబ్బునకు మందును దానినుండియే తీయుదురు. మన యడవులలో ఎఱ్ఱగా మంటవలె పూయు అడవినాభి యీ కాల్చికపు కుటుంబములోనిదే, విషమును ఆ జాతిదే. బోల్సుగారు ఈ రెండింటిని వేర్వేరుగా వివరించి 1924 లో ఒక గ్రంథము ప్రకటించిరి. గ్రీసు దేశపు కాల్చికమొకటి ఆయన పేరనే పిలువబడుచున్నది.

ప్రతి వేసవి గడ్డిపూల పుప్పొడి ఆయనకు తుమ్ములు, ఆయాసము కలిగించుటచేత, ఆ దినములందు ఆల్ప్సు పర్వతములకు పోయి మొక్కలు సేకరించెడివారు. ఆ యాత్రలలో రెజినాల్డు ఫారరు అను యువ రచయిత తోడైయుండెను. ఈయన 1920 లో బర్మా కొండలలో మొక్కలు వెదకుచు మరణించెను. 1914 లో వెలువడిన బోల్సుగారి వసంతోద్యాన గ్రంథమునకు ఫారరు పీఠిక వ్రాసి, అందు ధనికులు కట్టించు ఆడంబరపు ఱాతితోటలను ఎగతాళి చేసెను. సరు ఫ్రాంకు క్రిస్పు అను ప్రభువు తన తోటలో ఆల్ప్సు శిఖరపు నమూనా కట్టించుకొని యుండెను. ఆ మాటలు తన్నే యన్నవని కోపగించి, పరిసయ్యుడు సుంకరి యుపమానమును క్రొత్తగా వ్రాయించినట్లు ఒక కరపత్రము అచ్చొత్తించి, చెల్సీ పుష్పప్రదర్శనమున పంచిపెట్టించెను. అందు పరిసయ్యుడు బోల్సుగారే! ఆ పీఠికలో ఆయన వ్రాసిన మాట యొక్కటియు లేదు. శాంతస్వభావునకు ఈ రచ్చ మిక్కిలి బాధ కలిగించియుండును.

బోల్సుగారికి హాస్యము కొఱవడలేదు. వంకరలు తిరిగిన హేజెలు పొద మొదలైన వికృతపు మొక్కలను ఒకచోట చేర్చి, దానికి పిచ్చాసుపత్రియని పేరు పెట్టిరి. తాము విత్తులనుండి పుట్టించిన వసంతపు క్రోకసులకు పిట్టల పేర్లు పెట్టిరి; వానిలో స్నో బంటింగు అను తెల్లనిది నేటికిని పెంచబడుచున్నది. రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారు 1916 లో విక్టోరియా పతకమునిచ్చి ఆయనను గౌరవించిరి. తోటకు వచ్చిన యతిథి మొక్కలు లేని బుట్టతో తిరిగిపోవుట అరుదు.

ఎనుబదియేడవ యేట, 1952 లో, క్రోకసు గ్రంథమును సవరించి మరల ప్రకటించిరి. 1954 మే 7 వ తేదీని కాలధర్మము నొందిరి. భస్మమును ఆయన ఱాతితోటలోనే చల్లిరి. ఇల్లును తోటయు కొంతకాలము కళాశాలల చేతులలో నుండి, పిమ్మట లీ వ్యాలీ ప్రాంతీయ ఉద్యాన సంస్థ అధీనమునకు వచ్చినవి. నేడు ఎవరైనను లోనికి పోయి చూడవచ్చును. ఆకులేని నీలపు పూవులను చూడగోరువారు సెప్టెంబరు చివరనో, అక్టోబరులోనో, ఎండ కాయు దినమున పోవలెను. మబ్బు పట్టిన దినమున అవి విప్పారవు.