సంపాదనంతా సముద్రంలో పోసిన జార్జ్ క్లోడ్

షాపుల మీద ఎర్రగా మెరిసే నియాన్ బోర్డులు అందరూ చూసే ఉంటారు. ఆ లైటును 1910లో పారిస్‌లో జనానికి చూపించింది జార్జ్ క్లోడ్ అనే ఫ్రెంచ్ ఇంజినీర్. 1870లో పారిస్‌లోనే పుట్టాడు. గాలిని ద్రవంగా మార్చే పద్ధతి కనిపెట్టి, 1902లో ఎయిర్ లిక్విడ్ కంపెనీ పెట్టినవాళ్లలో ఆయన ఒకడు. డబ్బుకి కొదవ లేదు. యాభై దాటాక మాత్రం ఆయన మనసు సముద్రం మీద పడింది.

వేడి ప్రాంతాల్లో సముద్రం పైనీళ్లు గోరువెచ్చగా, బాగా లోతున చల్లగా ఉంటాయి. ఈ తేడాతో కరెంటు తీయొచ్చని క్లోడ్ గురువు దార్సోన్వాల్ 1881లోనే చెప్పాడు. గాలి లాగేసిన ట్యాంకులో గోరువెచ్చని నీళ్లు కూడా మరుగుతాయి. ఆ ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది, తర్వాత లోతు నుంచి తెచ్చిన చల్లనీళ్లతో చల్లబడి మళ్లీ నీరవుతుంది. బొగ్గు అక్కర్లేదు.

దీన్ని నిజం చేయడానికి క్లోడ్ సొంత డబ్బు పెట్టి క్యూబాలోని మటాంజాస్ బేకి వెళ్లాడు. చల్లనీళ్ల కోసం దాదాపు 2 కిలోమీటర్ల పైపు దించాలి. రెండుసార్లు పైపు సముద్రం పాలైంది. మూడోసారి నిలిచింది. 1930లో 22 కిలోవాట్ల కరెంటు వచ్చింది, బల్బులు వెలిగాయి. కానీ వేడిలో తేడా తక్కువ కాబట్టి నీళ్లు చాలా ఎక్కువ తోడాలి. వచ్చిన కరెంటు కంటే యంత్రాలు తిన్నదే ఎక్కువ. తర్వాత బ్రెజిల్ దగ్గర ఓడ మీద మళ్లీ ప్రయత్నించాడు. అక్కడా పైపు దక్కలేదు. ఆస్తి కరిగిపోయింది.

పేరు మాత్రం ఆయనే పోగొట్టుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో తన దేశాన్ని ఆక్రమించిన జర్మన్ల పక్షాన ప్రచారం చేశాడు. 1945లో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. కొన్నేళ్లకి విడుదలై, 1960లో చనిపోయాడు.

ఆయన చేసిన తప్పు చరిత్రలో ఉండిపోయింది, ఆయన నిరూపించిన సూత్రం కూడా ఉంది. 2005లో మన లక్షద్వీప్‌లోని కవరత్తిలో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఒక ప్లాంటు పెట్టింది. అక్కడ తీసేది కరెంటు కాదు, మంచినీళ్లు. పైనీళ్లని అలాగే మరిగించి, లోతు నీళ్లతో చల్లబరిచి, రోజుకి లక్ష లీటర్లు తీసేలా కట్టారు. చుట్టూ ఉప్పునీళ్లే ఉన్న ఆ దీవిలో ఇళ్లకి ఆ నీళ్లు అందాయి.