పింజారి బిడ్డ పద్మశ్రీ నాజర్



మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు పులివెందుల తమ్ముడొకడు సెల్‌ఫోన్‌లో అమెరికా బ్యాండు పాటలు వినిపించాడు. బ్యాండు పేరు నిర్వాణ. కర్ట్ కొబైన్, క్రిస్ట్ నోవోసెలిక్, డేవ్ గ్రోల్ అని ముగ్గురే ముగ్గురు. అబర్డీన్ అనే చిన్న ఊరిలో 1987లో మొదలైన ఆ బ్యాండు 1991లో వచ్చిన ఒక్క ఆల్బమ్‌తో ప్రపంచమంతా మోగిపోయింది. వాళ్ల సంగీతాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారట. వింటూ ఉంటే నాకు మన బుర్రకథ దళం గుర్తుకొచ్చింది. అక్కడా ముగ్గురే. ఆ బుర్రకథకు పితామహుడని పేరు పొందిన షేక్ నాజర్ గారి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. బీద దూదేకుల కుటుంబం. గొంతు మాత్రం భగవంతుడు ఇచ్చిన ఆస్తి. చిన్నతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. విద్య వచ్చింది గానీ పొట్ట నిండలేదు. బతకడానికి దర్జీ పని చేశారు. మిషను తొక్కుతూనే పాట వదల్లేదు.

ఆ రోజుల్లో కమ్యూనిస్టు ఉద్యమం, దాని తోడుగా ప్రజానాట్యమండలి పల్లెల్లోకి వచ్చాయి. జంగం కథ, తందాన కథ అని జనం పిలిచే పాత కళను మండలి వాళ్లు పట్టుకున్నారు. నాజర్ గారు దానికి కొత్త ఊపిరి పోశారు. నడుమ కథకుడు తలపాగా చుట్టి, కాళ్లకు గజ్జెలు కట్టి, భుజాన తంబురాతో, చేతి వేళ్లకు అందెలతో చిందేస్తాడు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథ పాతదైనా రాజకీయ వంత ఈనాటి కరువునూ, పన్నులనూ, దొరల పెత్తనాన్నీ అందులోకి లాగుతాడు. పేపరు చదవలేని మనిషికి ఆ రాత్రి లోకమంతా తెలిసేది. అందుకే మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ పాలకులూ, ఇటు నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించారు. మూడు గొంతులకు రెండు ప్రభుత్వాలు భయపడ్డాయన్న మాట!

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు... నాజర్ గారు చెబితే జనం తెల్లవార్లూ కదిలేవారు కాదట. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో ఆయన చెప్పిన అల్లూరి కథతో బుర్రకథ సినిమా హాలుకూ చేరింది. 1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఇంత పేరు వచ్చాక ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చింది. దాని పేరు 'పింజారి'. తమ్ముళ్లారా, ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మాది జమ్మలమడుగు పక్కన పల్లె. మా జేజినాయన విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. నేను పదో తరగతిలో ఉండగా మా నాయనతో ప్రొద్దుటూరు బస్సులో వస్తున్నాను. సీటు దగ్గర గొడవపడి ఒకాయన ఇంకొకాయన్ని పింజారోడా అని తిట్టాడు. తిట్టింది మమ్మల్ని కాదు. అయినా మా నాయన తల దించుకున్నాడు. దిగిందాకా ఎత్తలేదు. ఆ రోజు నుంచి మా తాత పని ఏమని ఎవరడిగినా వ్యవసాయమనే చెప్పేవాణ్ని.

పి.జి.లో చేరాక లైబ్రరీలో ఆ పుస్తకం అట్ట చూసి గుండె జల్లుమంది. మేము దాచుకునే మాట అక్కడ పెద్ద అక్షరాల్లో ఉంది. దూదిలో మట్టి విదిలించి, చిక్కు తీసి, పది మందికి మెత్తని పడక చేసేవాడు పింజారి. ఆ పని పేరు తిట్టెట్లా అయింది? తప్పు పనిలో లేదు, నోటిలో ఉంది.

మన హాస్టల్‌లో కూడా సరదాకి ఈ మాట వాడుతుంటాం. ఇట్లాంటివే ఇంకా నాలుగైదు ఉన్నాయి. అవి ఎవరి తాతల పనులో, ఎవరి కులాల పేర్లో మనకు తెలుసు. ఇక్కడున్న వాళ్లలో ఎవరో ఒకరు ఆ మాట విని మా నాయన లాగే తల దించుకుంటారు. వాటిని మానేద్దాం. నిర్వాణ పాటలు వినండి, తప్పు లేదు. ఒకసారి నాజర్ గారి గొంతు కూడా వినండి.

సెలవులకు ఊరికి పోయినప్పుడు మూలన పడిన విల్లు తుడిచి గోడకు తగిలించాను. మా నాయన ఏమీ అనలేదు. దాని కింద కూర్చుని అన్నం తిన్నాడు.

— పూర్వ విద్యార్థి, ఎమ్.ఎ. తెలుగు